తిట్టించుకునే మనిషి

నాకు కోపం ఎక్కువ. ఈ మాట చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. నోట్లో నిప్పులు పోసుకుని పుట్టావే అనేది మా అమ్మ. మా ఆడపడుచు ఇప్పటికీ నేను ఇంట్లో ఉన్నానో లేదో కనుక్కుని గానీ గడప తొక్కదు. తొక్కకపోతే మానె, నాకు పని తగ్గింది. కోపం లేనివాళ్ళ ఇళ్ళు కూడా చూశాను నేను. పంపు కారుతూనే ఉంటుంది, కిటికీ గొళ్ళెం ఊడి వేలాడుతూనే ఉంటుంది, అయినా అందరూ పళ్ళికిలించుకుని తిరుగుతుంటారు. మా ఇంట్లో పంపు కారదు. మా అమ్మాయి చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, వేరే ఊళ్ళో తన కాళ్ళ మీద తను నిలబడింది. అంతా నా నోటి చలవే. మెత్తగా మాట్లాడి ప్రేమ చూపించేవాళ్ళు ఉంటారు. నేను ఝాడించి చూపిస్తాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళుగా నేను అనుకుంటున్నది ఇదే.

నేను టైపిస్టుని. పదకొండేళ్ళుగా ఒకే డాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. ఆయన ఒంటి డాక్టరు కాదు, మనసు డాక్టరు. మందులు రాయడు. వచ్చిన మనిషిని సన్నటి పరుపు మంచం మీద పడుకోబెట్టి, ఆ మనిషికి కనబడకుండా తల వెనక కుర్చీ వేసుకుని యాభై నిమిషాలు వింటాడు. మధ్యలో ఊఁ అంటాడు. దాన్ని మనోవిశ్లేషణ అంటారట. మూడో అంతస్తులో రెండు గదులు. పెద్దది ఆయనది, చిన్నదాంట్లో ఫైళ్ళ బీరువాలూ నేనూ ఉంటాం. వచ్చేవాళ్ళు ముందు తలుపు నుంచి వస్తారు, పోయేవాళ్ళు వెనక మెట్ల మీదుగా పోతారు. ఎవరూ ఎవరి కంటా పడకూడదని ఈ ఏర్పాటు. నా గది తలుపు ఆ సమయాల్లో మూసే ఉంటుంది. పదకొండేళ్ళలో ఒక్కరి మొహం కూడా నేను చూడలేదు. నాకు వాళ్ళంతా నంబర్లు.

మనిషి వెళ్ళిపోయాక డాక్టరు రికార్డరు నోటి దగ్గర పెట్టుకుని, విన్నది పది నిమిషాలు తన మాటల్లో చెప్తాడు. నేను ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, బల్ల కింద పెడల్‌ని కాలితో నొక్కుతూ, వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ టైపు చేస్తాను. చెప్తాడు అన్నాను గానీ, గొణుగుతాడు. బిస్కెట్ నములుతూ గొణుగుతాడు. వాక్యం మధ్యలో ఆపేసి, మళ్ళీ ఇంకో వాక్యం మధ్యలోంచి ఎత్తుకుంటాడు. చేరిన మొదటి వారమే నాకు అరికాలి మంట నెత్తికెక్కి, లేచి వెళ్ళి ఆయన తలుపు తోశాను.

"డాక్టరు గారూ, ఈ ఇరవై మూడో నంబరాయనకి వాళ్ళ నాన్నంటే భయమా, కోపమా? సరిగ్గా అక్కడే మీ నోట్లో బిస్కెట్ విరిగింది. నాకు కటుక్కుమని తప్ప ఏమీ వినబడలేదు. చదువుకున్నవాళ్ళు, నోట్లో ఉన్నది మింగి మాట్లాడాలని మీకెవరూ చెప్పలేదా?"

ఆయన తల దించుకున్నాడు. యాభై దగ్గరపడ్డ మనిషి, చెంప మీద చెయ్యి పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. "నిజమే. నా తప్పే," అన్నాడు. మర్నాడు మళ్ళీ అదే బిస్కెట్, అదే గొణుగుడు. కాగితాలకి నంబర్లు వేయడు. పెన్ను మూత పెట్టకుండా జేబులో పెట్టుకుని చొక్కా పాడుచేసుకుంటాడు. నేను అరవని రోజు లేదు. జీతం ఇచ్చే మనిషిని ఇంతలా తిట్టే టైపిస్టు ఇంకెక్కడా ఉండదని, ఆయన పెద్దమనిషి కాబట్టి పడుతున్నాడని మా ఆయనతో అంటుండేదాన్ని. మా ఆయన లిఫ్టు మెకానిక్. మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు, ఆ తర్వాత మాట్లాడడమే మానేస్తాడు. ఒక రోజు మటుకు, "పాపం," అన్నాడు. ఎవరు పాపమో నేను అడగలేదు.

రెండేళ్ళుగా డాక్టరు పుస్తకం రాస్తున్నాడు. మనిషి కోరిక గురించీ, ఆ కోరిక వంకరపోవడం గురించీ. భార్య చెప్పుల చప్పుడు వింటే తప్ప ఆమె మీద మనసు పోనివాడు ఒకడు. అద్దె ఇల్లు చూసుకునే నెపంతో పరాయివాళ్ళ పడగ్గదుల్లో కాసేపు నిలబడి వచ్చే ఆవిడ ఒకతె. మొదట్లో టైపు చేస్తుంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. తర్వాత విసుగొచ్చింది. తర్వాత, దాచడమెందుకు, పొద్దున్నే బస్సు దిగి రెండేసి మెట్లు ఎక్కుతూ పోయి ఇయర్‌ఫోన్లు తగిలించుకోవడం మొదలుపెట్టాను. తలుపు సందులోంచి చూసేవాళ్ళ మీద ఒక అధ్యాయం ఉంది అందులో. అది టైపు చేస్తున్నప్పుడు నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు.

ఆయన సిద్ధాంతం నాకు కంఠతా వచ్చేసింది. కోరిక ఆకలి లాంటిది కాదట. ఆకలి తింటే తీరుతుంది. కోరికకి కావలసింది వస్తువు కాదు, ఎదుటి మనిషి మనల్ని పట్టించుకోవడం. అందరం అందుకే చస్తాం, బతుకుతాం. వక్రత ఉన్నవాడు మాత్రం ఎదుటి మనిషి దయ కోసం కాచుకుని కూర్చోడు. తనకి కావలసిన నాటకం తనే రాసుకుంటాడు, ఎదుటి మనిషికి చెప్పకుండానే ఆ మనిషి చేత వేషం కట్టిస్తాడు. ఇంకో మాట కూడా ఉంది. "అతనికి నిజం తెలుసు. తెలిసీ, అయినా సరే అనుకుని, తెలియనట్టే నడుచుకుంటాడు." ఇది నాలుగుసార్లు రాశాడు. ఎన్నిసార్లు చెప్తారండీ, చదివేవాళ్ళు చెవిటివాళ్ళా అని దులిపేశాను.

ఇక్కడ మార్పుల కాగితం గురించి చెప్పాలి. పుస్తకంలో ఎవరినీ ఎవరూ గుర్తుపట్టకూడదు కదా. అందుకని ప్రతి కేసులోనూ నాలుగు సంగతులు తప్పనిసరిగా మార్చాలి: మనిషి చేసే పని, కథలో ఉన్న రెండో మనిషితో చుట్టరికం, ఇంటి గుర్తులు, ఒంట్లో ఉన్న జబ్బు. వాచీలు బాగుచేసేవాడు క్షురకుడవుతాడు, చెల్లెలు సవతి తల్లవుతుంది. ఆ గళ్ళ కాగితం గీసింది నేను. ఏ కేసులోనైనా అసలు పని అలాగే ఉండిపోతే ఎర్ర సిరాతో చుట్టి వెనక్కి పంపేదీ నేనే.

డాక్టరుకి ఊహాశక్తి సున్నా. మొదటి నాలుగు కేసుల్లోనూ అందర్నీ గుమాస్తాలని చేశాడు. "డాక్టరు గారూ, ఈ లోకంలో గుమాస్తాలకి తప్ప ఇంకెవరికీ కోరికలు లేవా?" అని కడిగేశాను. అప్పటినుంచి టీ తాగే వేళకి నా గదిలోకి వచ్చి నిలబడి అడిగేవాడు. దర్జీ ఎన్ని గంటలకి కొట్టు తెరుస్తాడు, లిఫ్టు మెకానిక్ సంచిలో ఏమేం ఉంటాయి, ఇంట్లో తాళాలు ఎక్కడ తగిలిస్తారు. నేను చెప్పేదాన్ని. సంచిలో గ్రీజు డబ్బా ఉంటుందండీ, దాన్ని తెచ్చి మా ఆయన వంటగట్టు మీద పెడతాడు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. తాళాలు కొక్కేనికి తప్ప ఇంట్లో అన్ని చోట్లా పెడతాడు. మొగుడి మీద చెప్పుకోవడానికి ఒక చెవి దొరికితే ఎవరు మాత్రం ఊరుకుంటారు.

పదకొండో కేసు రికార్డరులో రాలేదు. చేత్తో రాసిన పన్నెండు కాగితాలు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను చదివాను.

"ఇతను లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. వయసు యాభై ఎనిమిది. భార్య కోపిష్టి. ఆమె కోపం తనకి బాధ అని అతను అందరితో చెప్పుకుంటాడు. నిజానికి ఆ కోపాన్ని అతనే రోజూ తయారుచేసుకుంటాడు. తడి తువ్వాలు మంచం మీద వేస్తాడు. గ్రీజు డబ్బా వంటగట్టు మీద పెడతాడు. ఏ తప్పుకి ఎంత తిట్టు వస్తుందో అతనికి తెలుసు. చిన్నవి రోజూ వాడతాడు, పెద్దవి దిగులుగా ఉన్న రోజు కోసం దాచుకుంటాడు. ఆమె గొంతు లేచినప్పుడు తల దించుకుంటాడు. ఆ దించిన తలలో ఎంత హాయి ఉందో ఆమెకి తెలియదు. తెలియకూడదు కూడా. తెలిస్తే ఆమె కోపం నిజమైనది కాకుండా పోతుంది, అతనికి కావలసింది నిజమైన కోపం. చిన్నప్పుడు అతని తల్లి కోపం వస్తే తిట్టేది కాదు, మాట్లాడడం మానేసేది. అతను ఆ ఇంట్లో లేనట్టే తిరిగేది. తిట్టే మనిషి దొరికాక గానీ తను బతికి ఉన్నానన్న నమ్మకం అతనికి కలగలేదు."

తువ్వాలు మాది. డబ్బా మాది. కోపం నాది. మా అత్తగారు మూతి ముడుచుకుందంటే వారం తెరిచేది కాదని మా ఆయనే ఎప్పుడో చెప్పాడు. గురువారాలు మధ్యాహ్నం లిఫ్టుల తనిఖీ అని వెళ్తాడు, ఎక్కడికో నేనెప్పుడూ అడగలేదు. వెనక మెట్లు ఉండనే ఉన్నాయి. నా గదికి గోడ అవతల, ఆ పరుపు మంచం మీద వెల్లకిలా పడుకుని, నన్ను గురించి యాభై నిమిషాలు చెప్పుకుంటున్నాడన్నమాట.

ఒళ్ళు భగ్గున మండింది. ఇరవై ఆరేళ్ళు గొంతు చించుకున్నాను. ఇల్లు దిద్దుతున్నాననుకున్నాను, మనిషిని దిద్దుతున్నాననుకున్నాను. ఆయనేమో సాయంత్రం అయ్యేసరికి మీట నొక్కి నన్ను ఆడించుకున్నాడు. పనిమనిషికైనా జీతం ఉంటుంది. నాకు అది కూడా లేదు.

ఎవరికీ చెప్పని మాట ఇంకొకటుంది. ఆ మంట కింద, అడుగున ఎక్కడో, నాకు సంతోషం వేసింది. నన్ను చూసి ఎవరూ ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. అలాంటిది, ఒక మగాడు పొద్దున లేస్తూనే నా కోసం పథకం వేసుకుంటున్నాడు, నా గొంతు లేకపోతే బతకలేనంటున్నాడు. పన్నెండు కాగితాలూ మూడుసార్లు చదివాను. మూడోసారి చదివింది కోపంతో కాదు.

అయినా కోపమే గెలిచింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మంచం మీద తడి తువ్వాలు సిద్ధంగా ఉంది. వడ్డించి పెట్టాడు అనుకున్నాను. తీసి, తీగ మీద ఆరేసి, మొహం కడుక్కున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బానే ఉందండీ."

"ఆఫీసులో ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలేదండీ."

నెల రోజులు అంతే. పిసరంత తిట్టు కూడా విదల్చలేదు. మనిషికి ఏది లేకపోతే ఊపిరాడదో అది నా చేతిలో ఉంది, నేను గుప్పిట బిగించాను. ఆయన ఎలా ఎండిపోతాడో చూద్దామని కాచుకుని కూర్చున్నాను. మొదటి వారం నా మొహం వంక దొంగచూపులు చూశాడు. అలవాటైన మందు దొరక్క గిలగిలలాడుతున్నాడు అనుకున్నాను. రెండో వారం ఈల వేయడం మొదలుపెట్టాడు. ఎర వేస్తున్నాడు, నేను పడతానా. ఎప్పుడూ బాల్కనీలో స్టూలు మీద కూర్చునేవాడు కాస్తా హాల్లో నా ఎదురుగా కూర్చుని పేపరు పైకి చదివి వినిపించసాగాడు. కవ్వింపు. మూడో వారానికి తప్పులు చేయడం మానేశాడు. గ్రీజు డబ్బా దాని చోట అది, తాళాలు కొక్కేనికి. ఓడిపోయాడు, ఆట వదిలేశాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు కూడా. దిగులుతో తింటున్నాడు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంట్లో మింగిన కోపం ఎక్కడికి పోతుంది? ఆఫీసుకి పోయింది. ఆ నెలలో డాక్టరుని తిట్టినంతగా నేను జన్మలో ఎవరినీ తిట్టలేదు. ఆయన కూడా అలాగే తగలడ్డాడు. రెండు రికార్డులు చెరిపేశాడు, టీ కప్పు నా కీబోర్డు మీద ఒంపాడు. తల వాచేలా చీవాట్లు పెట్టాను. ఆయన మొహం మాత్రం నున్నగా, పదేళ్ళు వెనక్కి పోయినట్టుంది.

పుస్తకం చివర ఒక పట్టిక చేయాలి. ప్రతి కేసుకీ ఏ రికార్డుల్లోంచి తీసుకున్నామో ఆ నంబర్లు వేసి డాక్టరు బీరువాలో దాచాలి. పది కేసులకి వేశాను. పదకొండో కేసు దగ్గర నంబరు లేదు. మా ఆయన నంబరు ఎంతో తెలుసుకుందామన్న కసితో రికార్డుల పుస్తకం మొత్తం తిరగేశాను. గురువారం మధ్యాహ్నాలు ఎవరూ రాలేదు. ఏడాది మొత్తంలో ఒక్క గురువారం మధ్యాహ్నం కూడా ఎవరూ రాలేదు.

అప్పుడు మార్పుల కాగితం తీశాను. నేను గీసిన గళ్ళు, నేను పెట్టిన రూలు. అసలు పని పుస్తకంలో కనబడకూడదు, అసలు చుట్టరికం కనబడకూడదు, ఇంటి గుర్తులు కనబడకూడదు. పదకొండో కేసులో ఉన్నవాడు లిఫ్టు మెకానిక్ అయితే, అసలు మనిషి ఇంకేదైనా కావచ్చు గానీ లిఫ్టు మెకానిక్ మాత్రం కాడు. తిట్టే ఆవిడ భార్య అని రాశాడంటే, ఆవిడ భార్య తప్ప ఎవరైనా కావచ్చు. మా ఇంటితో సరిపోయిన ప్రతి వివరమూ అబద్ధమై తీరాలి. ఈ సంగతి ఈ లోకంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసీ, అయినా సరే, తెలియనట్టే నెల రోజులు నడుచుకున్నాను. ఎందుకంటే అది మా ఆయన కావాలని నాకు ఉంది.

లేచి వెళ్ళి తలుపు తోశాను. డాక్టరు కుర్చీలో ఉన్నాడు. పరుపు మంచం ఖాళీగా ఉంది.

"డాక్టరు గారూ, పదకొండో కేసుకి రికార్డు నంబరు లేదు."

"లేదు," అన్నాడు.

"నంబరు లేకుండా మనిషెలా వచ్చాడు?"

"రాలేదు. మొదటినుంచీ ఇక్కడే ఉన్నాడు."

ఆయన గొణగలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ప్రతి అక్షరం విడివిడిగా వినబడింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అమ్మ ఒకసారి తొమ్మిది రోజులు మాట్లాడలేదు. నేను ఏడుస్తుంటే నా మీదుగా చెయ్యి చాచి కిటికీ వేసుకుంది. మీరు చేరిన మొదటి వారం ఈ తలుపు తోసుకుని వచ్చి అరిచారు చూడండి, ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. అప్పటినుంచి..." బిస్కెట్ల పొట్లం పక్కకి నెట్టాడు. "నిజానికి నాకు బిస్కెట్లు పడవు. తింటే కడుపులో మంట."

"నన్ను అడగకుండానా?" అన్నాను.

"అడిగితే మీరు ఒప్పుకునేవారా? ఒప్పుకున్నా నాకు పనికొచ్చేది కాదు. అడిగి తెచ్చుకున్న కోపం కోపం కాదు."

"అంటే ఇన్నేళ్ళూ నా చేత వేషం కట్టించారు."

"కట్టించాను. రాశాను కూడా, మీ చేతికే ఇచ్చాను. మీరు గుర్తుపట్టాలని ఉంది, పట్టకూడదనీ ఉంది." చిన్నగా నవ్వాడు. "కానీ ఒక్క మాట అడగనివ్వండి. పదకొండేళ్ళలో మీరొక్కసారి కూడా ఈ ఉద్యోగం మానేస్తాననలేదు. ఇంత చేతకాని మనిషి దగ్గర. మీకూ ఇందులో ఏదో దొరుకుతూనే ఉండాలి కదా?"

చచ్చేంత కోపం వచ్చింది. మాటలన్నీ వరసగా నాలుక చివర నిలబడ్డాయి: సిగ్గులేని మనిషి, ముసలి వయసులో పోయేకాలం, నా నోటిని నీ ఇంటి పంపు అనుకున్నావా. నోరు తెరిచాను. అప్పుడు ఆయన మొహం చూశాను. తల దించుతున్నాడు. చెంప మీదికి చెయ్యి పోతోంది. విస్తరి ముందు కూర్చున్నవాడిలా ఉన్నాడు.

నోరు మూసుకున్నాను. నా దగ్గర ఉన్న ఒకే ఒక ఆయుధం అది, దాన్ని కూడా ఈ మనిషి ఎంగిలి చేసి పెట్టాడు. తిడితే ఆయన గెలుస్తాడు. తలుపు వేసుకుని మౌనంగా పోతే వాళ్ళమ్మనవుతాను, అది ఇంకో నాటకం. బల్ల మీద పన్నెండు కాగితాలూ పెట్టి, చివరలు సమంగా సర్దాను. మా అత్తగారితో కూడా ఎప్పుడూ మాట్లాడనంత తీయగా మాట్లాడాను.

"చాలా బాగా రాశారండీ. ఒక్క తప్పు కూడా లేదు. ఇక మీకు దిద్దేవాళ్ళ అవసరం లేదు."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. "అలా అనకండి," అన్నాడు. కుర్చీలోంచి సగం లేచాడు. "దయచేసి అలా అనకండి." నేను నవ్వుతూ తాళంచెవులు బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి, వెనక మెట్ల మీదుగా దిగిపోయాను. ఆ మెట్ల మీద అడుగుపెట్టడం అదే మొదటిసారి.

బస్సులో కూర్చున్నాక డాక్టరు మీద కోపం సగం చల్లారింది, మా ఆయన గుర్తొచ్చాడు. ఏ పాపం తెలియని మనిషి. చేయని తప్పుకి నెల రోజులు మౌనంతో కాల్చుకు తిన్నాను. ఇంటికెళ్ళగానే అంతా చెప్పేయాలి. చెప్పి, ఒకటి అడగాలి. ఏమడగాలో నాకు తెలుసు, ఏ జవాబు కావాలో కూడా తెలుసు. కాగితాల్లో ఉన్నంత కాకపోయినా, ఏదో ఒక మూల, నీ గొంతు వినబడకపోతే ఇల్లు బావురుమంటోందే అని ఆయన అంటే చాలు. ఇరవై ఆరేళ్ళకి ఆ ఒక్క మాట చాలు.

మా ఆయన వంటింట్లో నిలబడి కూరగాయలు తరుగుతున్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, దాచకుండా మొదటినుంచీ చెప్పాను. పన్నెండు కాగితాలు, గురువారాలు, నా అనుమానం, నెల రోజుల నా మౌనం ఎందుకో, డాక్టరు కడుపులో మంట. బిస్కెట్ల దగ్గర పడీపడీ నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళైందో. "నేనా? నేను కావాలని చేస్తున్నాననుకున్నావా?" అని మళ్ళీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. నేను తిడుతుంటే మీకెలా ఉండేది?"

గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడవన్నీ ఎందుకే."

"చెప్పండి. ఏమీ అనుకోను."

కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఈ నెల బాగుంది," అన్నాడు.

"అంటే?"

"అంటే, బాగుంది. నిద్ర పడుతోంది. ఇదివరకు పని అయిపోయాక కూడా లిఫ్టులో నాలుగైదుసార్లు పైకీ కిందకీ తిరిగేవాణ్ణి. సరిగ్గా నడుస్తోందో లేదో చూస్తున్నానని వాచ్‌మన్‌తో చెప్పేవాణ్ణి. అలా ఓ అరగంట గడిచిపోయేది. ఈ నెలలో ఎక్కడా తిరగలేదు, తిన్నగా ఇంటికొచ్చేస్తున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అమ్మాయి పుట్టకముందు నుంచీ."

"మరి తప్పులు? ఎన్నిసార్లు చెప్పినా చేసిందే చేసేవారు కదా."

"నువ్వు వస్తున్న చప్పుడు వినబడితే చేతిలో ఏముందో, ఎక్కడ పెడుతున్నానో నాకు తెలిసేది కాదు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. రిపేరుకి వచ్చిన యంత్రంలో ఏం పాడైందో చెప్తున్నట్టు చెప్పాడు. "నువ్వే చూశావుగా, ఈ మధ్య ఒక్కటైనా మర్చిపోయానా? నీకు ఒంట్లో బాలేదేమోనని మొదట్లో భయపడ్డాను. తర్వాత, ఎందుకైతేనేం, ఇలాగే ఉంటే బాగుండుననిపించింది. తప్పేమో. అనిపించింది."

ఎసరు మరుగుతోంది. ఇద్దరం దాని వంక చూస్తున్నాం. నేను తిట్టిన ఇద్దరు మగవాళ్ళలో ఒకడు దానికోసం పదకొండేళ్ళు కడుపు మండించుకున్నాడు. నా తిట్టు కావలసినవాడు ఎవడో పరాయివాడు. ఎవరి కోసం తిట్టానో ఆ మనిషి లిఫ్టులో తలదాచుకున్నాడు.

"రేపటి నుంచి మళ్ళీ మొదలుపెడతావా?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు.

ఇరవై ఆరేళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని, ఒక్కసారి, ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పొచ్చు కదా ఈ మనిషి. వద్దు అంటే మానేసేదాన్ని కదా. ఏడుపుతో పాటే అలవాటైన ఆ మంట గుండెల్లోంచి పైకి లేచింది. నేనింకా ఏమీ అనలేదు, పెదవి కూడా కదపలేదు. ఆయన నా మొహం చూశాడు. చూసి, గట్టు మీద కత్తిని పక్కకి జరిపి, గోడ వైపు రెండడుగులు వెనక్కి వేశాడు.

తను వెనక్కి జరిగానని ఆయనకే తెలియదు. ఇన్నేళ్ళుగా వేస్తున్న ఆ రెండడుగులు నేనూ ఎప్పుడూ చూడలేదు.